చెయ్యెత్తి భజన ఆపినవాడు

ఆయన పోయాడన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. ముందు సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఇనుప సామాన్ల సేటు పోయిండట."

"ఏ సేటు?"

"గదే, కోర్టుకు పోయి కేసు ఖరాబ్ జేసిండు గద, గా సేటు."

అంతే. ఇద్దరూ వెంటనే ఉల్లిగడ్డల ధరలోకి వెళ్ళిపోయారు. నేను టిక్కెట్టు తీసుకున్నది మా ఫ్యాక్టరీ గేటు దాకా. గేటు వచ్చింది, పోయింది. నేను దిగలేదు. కండక్టరు విసుక్కుంటూ పటాన్‌చెరుకు ఇంకో టిక్కెట్టు చింపి ఇచ్చాడు.

ఆయన పేరు రాయను. బతికుండగా ఆ పేరును వాడుకున్నవాళ్ళు చాలినంతమంది ఉన్నారు. నేను కూడా ఎందుకు?

మనిషి పొట్టి. మోకాళ్ళ కింది దాకా పంచె, చేతుల బనియను, భుజాన ఎప్పుడో ఎర్రగా ఉండిన తువ్వాలు. పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. గొళ్ళేలు, బొక్కెనలు, బావి గొలుసులు, పలుగులు, పారలు అమ్మేవాడు. బేరం లేని వేళ కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. కొత్తగా వస్తున్న ఫ్యాక్టరీలవాళ్ళు విప్పి పారేసిన చెక్కపెట్టెల నుంచి వంగిన మేకులు ఏరి తెచ్చుకుని, ముందున్న ఇనుప దిమ్మ మీద పెట్టి సుత్తితో సాపు చేస్తూ కూర్చునేవాడు. మాట్లాడుతున్నంతసేపూ టక్కు టక్కుమని చప్పుడు. సుత్తి ఆగిందంటే ఆయనకు ఏదో మాట గుచ్చుకుందని అర్థం.

నేను కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తల్లో గదికి గొళ్ళెం కొనడానికి వెళ్ళాను. పెద్దది చూపించమన్నాను.

"కిరాయి ఇల్లా సారూ?"

"అవునండీ."

"అయితే చిన్నది సాలు. కిరాయి ఇంట్ల ఏముంటదో దొంగకు గూడ ఎర్కే."

ఆ రోజు నుంచి నేను ఆయనకు ఆంధ్రా సారును, ఆయన నాకు సేటుగారు. నేను దేవుణ్ణి నమ్మను. ఆయన పొద్దున లేస్తే దేవుడి పేరు, పడుకుంటే దేవుడి పేరు. మా ఇద్దరికీ పొత్తు ఎలా కుదిరిందని ఫ్యాక్టరీలో స్నేహితులు నన్ను ఆటపట్టించేవాళ్ళు. నాకూ తెలియదు. ఆయన నన్ను మార్చాలని ఒక్కనాడూ చూడలేదు. అదే కారణమేమో.

శనివారం సాయంత్రం దుకాణం అరుగు మీద భజన. కంజీర ఆయనది, హార్మోనియం బట్టల దుకాణం ఆయనది, తాళాలు వచ్చినవాడివల్లా. సేటుది గొప్ప గొంతేమీ కాదు గాని, అరుస్తున్నా అరిచినట్టుండేది కాదు. ఆ భజనలో ఒక వింత ఉండేది. పాట మంచి ఊపులో ఉండగా సందులో ఎక్కడో పసిపిల్ల ఏడిస్తే చాలు, ఆయన కుడిచెయ్యి పైకి లేచేది. అంతా టక్కున ఆగిపోయేవాళ్ళు. ఏడుపు సద్దుమణిగే దాకా ఎవరూ తాళం కదపకూడదు. ఒక్కోసారి పిల్ల మొండికేస్తే ఆ శనివారానికి భజన అంతటితో సరి.

"ఏం సేటుగారూ, దేవుడికి బ్రేకు వేశారా?" అన్నాను ఒకసారి.

"దేవునికి పని బడ్డది సారూ. పోయొస్తడు తియ్" అన్నాడు.

నవ్వుకుని వదిలేశాను. ఆ మాట వెనక ఏముందో చాలాకాలం తర్వాత ఒక కథ చదివితే గాని తెలియలేదు.

ఆ కథ రాసింది అక్కడి బళ్ళో తెలుగు చెప్పే మాస్టారు. ఆయనా సాయంత్రాలు సేటు అరుగు మీద కూర్చునేవాడు. పదునైన మనిషి. ఎవరినీ మెచ్చుకోడు. చిన్న పత్రికల్లో ఆయన కథ పడితే ఎవరికో ఒకరికి కాలేది. ఈ కథలో ఒక ఊళ్ళో సప్తాహం జరుగుతుంటుంది. ఏడు రోజులు రాత్రింబవళ్ళు వంతులవారీగా పాడుతూనే ఉండాలి, భజన తెగితే ఊరికి అరిష్టమని నమ్మకం. పక్కింట్లో పిల్లవాడికి మెదడు జ్వరం. చప్పుడు ఉండకూడదని డాక్టరు చెప్పాడు. తండ్రి వచ్చి ఒక్క రాత్రి ఆపమని కాళ్ళు పట్టుకుంటాడు. భజనపెద్ద నవ్వి, ఇంకా గట్టిగా అందుకోమంటాడు. ఆ మోతకు దేవుడే చెవులు మూసుకుని, గుడి వెనక తలుపు తీసుకుని, పిల్లవాడి మంచం దగ్గరికి పారిపోతాడు. పిల్లవాడు పోతాడు. దేవుడు మళ్ళీ గుడికి రాడు. ఖాళీ గద్దె ముందు భజన మాత్రం సాగుతూనే ఉంటుంది.

నేను పత్రిక పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. సుత్తి ఆగి ఉంది. ఆయన ముందే చదివాడు.

"గా భజనపెద్దను నేనే సారూ" అన్నాడు.

మా ఫ్యాక్టరీ పునాదులు కూడా పడకముందటి మాట. పిల్లవాడు పక్కింటి కళాయి సాబు కొడుకు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే ఆ సాబు ఇప్పటికీ ఆ ఇంట్లోనే, ఆ తిత్తి ముందే కూర్చుంటాడు. ఆ రాత్రి వచ్చి, "సేట్, ఒక్క రాత్రి బంద్ పెట్టు, బచ్చాకు నీంద్ వస్తలేదు" అన్నాడట. సప్తాహం తెగకూడదని ఈయన అన్నాడట. భజన ఆపినా పిల్లవాడు బతికేవాడు కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ మాట సేటు ఏనాడూ తన తరఫున వాడుకోలేదు. చెయ్యెత్తి ఆపడం అప్పటి నుంచి. తన కడుపులోది మాస్టారికి తనే ఒక సాయంత్రం చెప్పుకున్నాడు, దేవుడు పనిబడి పోతాడన్న మాటతో సహా.

"అంతా నేను చెప్పిందే రాసిండు. ఒక్కటే అబద్ధం. నేను నవ్వలే సారూ" అన్నాడు.

"ఆయనతో చెప్పండి మరి."

"చెప్త. నిమ్మళంగ చెప్త. రాసినోడు గరం మీద ఉంటడు."

నిమ్మళంగా చెప్పే వ్యవధి దొరకలేదు. నగరంలో ఒక భక్త సమాజంవాళ్ళు కథ మీద ఫిర్యాదు చేశారు. దేవుణ్ణి పిరికివాణ్ణి చేశాడు, నామ సంకీర్తనను మోత అన్నాడు, భక్తుల మనసు గాయపరిచాడు అని. కేసు పెట్టడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, పోలీసులు బళ్ళోకే వచ్చి మాస్టారిని తీసుకుపోయారు. బెయిలు మీద బయటికొచ్చేసరికి ఉద్యోగం నుంచి సస్పెన్షను.

మేము ఫ్యాక్టరీలో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళం కొందరం కలిసి రచయితకు అండగా ఒక సంఘం పెట్టాం. అంతా కోస్తా నుంచి వచ్చినవాళ్ళం, అంతా నాస్తికులం. మా మాట ఆ ఊళ్ళో ఎవరు వింటారు? బస్టాండు దగ్గర మొదటి సభ పెడితే వచ్చిన వాళ్ళకన్నా మేము తెచ్చిన కుర్చీలు ఎక్కువ. ఉపన్యాసం సగంలో ఉండగా సేటు దుకాణం మూసి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మాట్లాడతారా అని అడిగితే లేచి నిలబడి, తువ్వాలు తీసి రెండో భుజం మీద వేసుకున్నాడు.

"తిట్టింది నన్ను. తిట్టిచ్చుకున్నోన్ని నేనున్న. నాకు లేని కేసు పట్నపోల్లకు ఎందుకు?" అన్నాడు. మళ్ళీ, "గీ కత నేనే చెప్పిన, సారు రాసిండు. చెప్పినోన్ని బయట బెట్టి రాసినోన్ని లోపలేస్తరా? గిదెక్కడి నాయం?" అన్నాడు.

మా ఉపన్యాసాలన్నీ ఆ మాట ముందు తేలిపోయాయి. మర్నాటి నుంచి మా ప్రచారమంటే ఆయనే. దుకాణం దుకాణానికీ వెళ్ళేవాడు. చర్చ పెట్టేవాడు కాదు. పత్రిక మడిచి నడుములో దోపుకుని, గల్లా ముందు నిలబడి అడిగేది ఒకటే.

"నీకు నొచ్చిందంటివట. కత సదివినవా?"

"లేదు సేటూ. అంటున్నరు గద."

"అయితే కూసో, సదువుత. ఇన్నంక నొస్తే నొచ్చిందను. నీ నొప్పి నువ్వు పడు, ఇంకొకని నొప్పి నువ్వెందుకు పడ్తవ్?"

కొందరు విన్నారు. ఎక్కువమంది గిరాకీ ఉందని తప్పించుకున్నారు. ఒకాయన విని కన్నీళ్ళు పెట్టుకుని, "అయినా దేవుని గురించి గిట్ల రాయొద్దు సేటూ" అన్నాడు. "రాయొద్దను. రాస్తే తిట్టు. బేడీలెందుకు?" అని సేటు పత్రిక మళ్ళీ నడుములో దోపుకున్నాడు. గుడి పెద్దలు ఆయన్ను పండగ భజనకు రావద్దన్నారు. శనివారం అరుగు మీదికి హార్మోనియం రావడం మానేసింది, తాళాలూ రావడం మానేశాయి. కొన్నాళ్ళు ఒక్కడే కంజీర పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత అదీ లేదు. మేకు సాపు చేస్తూ లోలోపల పాడుకునేవాడు, సుత్తే తాళం.

సంగారెడ్డి కోర్టులో కేసు ఏళ్ళ తరబడి నడిచింది. వాయిదా ఉన్న రోజున మాస్టారు ఒంటరిగా బోనులో నిలబడకూడదని సేటు పట్టుదల. మాకు ఎప్పుడో గాని సెలవు దొరికేది కాదు. ఆయన మాత్రం పొద్దున్నే బస్సెక్కి, కోర్టులో వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఆయన పక్కన ఇంకొకరు కూర్చునేవారు. కళాయి సాబు. ఇద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. జవాను పిలిచే దాకా అలా ఒకే బల్ల మీద, మధ్యలో సేటు అన్నం మూట. ఒకసారి సాబును అడిగాను, మీరెందుకు వస్తున్నారని.

"సేట్ ఒక్కడే కూసుంటడు గద" అన్నాడు సాబు.

మా వకీలు నగరం నుంచి వచ్చేవాడు. తెలివైనవాడు. ప్రాసిక్యూషన్ సాక్షులంతా మా మనసు గాయపడింది, గాయపడింది అని వరసగా చెప్పి పోయారు. కథ చదివారా అంటే సగంమంది నీళ్ళు నమిలారు. అప్పుడు వకీలుకు ఆలోచన వచ్చింది. ఊళ్ళో అందరికంటే పెద్ద భక్తుణ్ణి బోనెక్కిస్తే? చదివాను, నాకు నొప్పి కలగలేదు అని అతనంటే? కేసు అక్కడే కూలిపోతుంది. సేటును కోర్టు పక్కన వేపచెట్టు కిందికి తీసుకెళ్ళి మాకందరికీ వినబడేలా చెప్పాడు.

"నేనడిగేది ఒకటే ప్రశ్న. మీరు చెప్పేది ఒకటే మాట. నొచ్చుకోలేదు. అర్థమైందా?"

సేటు తలూపాడు. ఒప్పుకున్నట్టే ఊపాడనుకున్నాం. ఆ మనిషి విన్నానని చెప్పడానికి కూడా అలాగే ఊపుతాడు.

బోనులో దేవుడి సాక్షిగా ప్రమాణం చేయించారు. గుమాస్తాకు అది నోటి అలవాటు. సేటు మాత్రం తువ్వాలు తీసి, రెండు చేతులూ జోడించి, ఒక్కొక్క మాటా నిలబెట్టి పలికాడు. నేను వకీలు వైపు చూశాను.

"మీరు భక్తులేనా?"

"ఔ."

"ఈ కథ చదివారా?"

"సదివిన. శాన మందికి సదివి ఇనిపిచ్చిన."

"చదివినప్పుడు మీ మనసేమైనా నొచ్చుకుందా?"

కోర్టులో టైపు మిషను ఆగింది. సేటు మాస్టారి వైపు చూశాడు. తర్వాత వెనక బల్ల మీద కూర్చున్న సాబు వైపు చూశాడు. సాబు తల వంచుకున్నాడు.

"నొచ్చింది" అన్నాడు సేటు.

వకీలు తెల్లబోయాడు. సేటు ఆగలేదు. "శాన నొచ్చింది సార్. నిజం గాబట్టి నొచ్చింది. అబద్ధమైతే ఇడిసిపెడ్తుంటి. నొప్పి లేకుంటే మనిషికి బుద్ధెట్ల వస్తది? నొచ్చిందని రాసినోన్ని జైల్ల..."

"అడిగినదానికే జవాబు చెప్పాలి" అన్నాడు మేజిస్ట్రేటు. కసిరినట్టు కాదు, మామూలుగా. టైపు మిషను మళ్ళీ మొదలైంది. నొచ్చింది అన్నంతవరకే కాగితం మీదికి ఎక్కింది. బుద్ధి సంగతి ఎక్కలేదు.

తీర్పులో ఆ మాటనే పట్టుకున్నారు. ముద్దాయి తరఫున వచ్చిన భక్తుడే గాయపడ్డానని ఒప్పుకున్నాడు, ఇంతకన్నా రుజువేం కావాలి అని. మాస్టారికి జైలు. అప్పీలులో శిక్ష తగ్గింది గాని, అప్పటికే అనుభవించింది అనుభవించాడు. ఉద్యోగం పోయింది.

విడుదలైన పొద్దున సంగారెడ్డి జైలు గేటు దగ్గర మేము దండలతో నిలబడ్డాం. సేటు దూరంగా, గోడవారన, టిఫిను గిన్నె పట్టుకుని ఉన్నాడు. మాస్టారు మా దండలు తీసుకోలేదు. నేరుగా సేటు దగ్గరికి వెళ్ళాడు. గడ్డం నెరిసింది, చెంపలు పీక్కుపోయాయి.

"ఒక్క మాట. లేదు అంటే సరిపోయేది గదా సేటూ."

"దేవుని మీద ప్రమాణం జేసిన గద సారూ."

"ఆ దేవుడి మీదే గదా నేను రాసింది" అన్నాడు మాస్టారు. గొంతులో కోపం లేదు, ఓపికా లేదు. బస్సు వైపు నడిచాడు. సేటు గిన్నె పట్టుకున్న చెయ్యి అలాగే ముందుకు చాచి ఉంది. ఎవరో ఒకరు ఆ గిన్నె అందుకోవాలి కాబట్టి నేను అందుకున్నాను. ఉప్పుడు పిండి. వేడిగానే ఉంది.

మాస్టారు మళ్ళీ కలం పట్టలేదు. ఏదో ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకుంటున్నాడని విన్నాను. పదునైన మనిషిని మొద్దుబార్చడానికి చంపనక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళిద్దరిలో తప్పెవరిదని మా సంఘంలో చాలాకాలం వాదులాడుకున్నాం. నాకు ఒళ్ళు మండేది. ఇద్దరూ నిజమే పలికారు. అబద్ధం చెప్పినవాళ్ళు, కథ చదవకుండానే గాయపడ్డవాళ్ళు, హాయిగా ఇంటికెళ్ళి భోంచేశారు.

సేటు ఊరుకోలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. మతాన్ని విమర్శించాడని ఎక్కడ ఏ రచయిత మీద కేసు పెట్టినా, నగరంలో నిరసన సభ ఉందంటే చాలు, బస్సెక్కేవాడు. అక్కడివాళ్ళు మొదట ఆదరించారు. ఫలానా కేసులో సాక్షి ఇతనేనని తెలిశాక వేదిక ఎక్కనివ్వలేదు. ఒకసారి నేనూ వెళ్ళాను. ఆఖరి వరసలో కూర్చుని ఉన్నాడు. మాట్లాడే అవకాశం ఇవ్వమని నేను చీటీ పంపితే, సమయం లేదన్నారు. వేదిక మీద ఒకాయన భావ స్వేచ్ఛ గురించి ఎంతకూ ఆపకుండా మాట్లాడాడు. తిరుగు బస్సులో, "మీకు కోపం రాదా సేటుగారూ?" అన్నాను.

"వాళ్ళకు నొచ్చింది సారూ. నొచ్చినోల్లు ఏదన్న జేస్తరు" అన్నాడు. కిటికీలోంచి చూస్తూ, "నవ్విండని రాసిండు గద, గదొక్కటి తీసెయ్యమని అడుగుదామనుకున్న. ఇగ ఇప్పుడెట్ల అడుగుత? రాసుడే బంద్ జేసిండాయె" అన్నాడు.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. సభలే లేకుండా పోయాయి. మా సంఘంలో ఒకరిద్దరు లోపలికి పోయారు, మిగిలినవాళ్ళు ప్రమోషన్ల వైపు తిరిగారు. అది ముగిశాక నేను దుకాణానికి వెళ్ళినప్పుడు ఆయన గల్లా కొడుక్కి అప్పగించి లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సుత్తి దెబ్బ మేకు మీద పడడం లేదు, దిమ్మ మీద పడుతోంది. "తెలుగు సారు మళ్ళ రాస్తుండా?" అని అడిగాడు. లేదన్నాను. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా అదే అడిగేవాడు. నేను ప్రతిసారీ లేదనే చెప్పాను. ఆయనతో అబద్ధమాడడం నాకు చేతకాలేదు.

ఆయన పోయాడని విన్న ఆ రోజు, బస్సు దిగి సందులోకి తిరిగేసరికే మైకు వినబడింది. ఆయన్ను అరుగు మీదే పడుకోబెట్టారు. బతికుండగా పండగ భజనకు రావద్దన్నవాళ్ళే చుట్టూ కూర్చున్నారు. భక్తుడు పోతే శవం లేచే దాకా భజన చేసి సాగనంపడం ఆనవాయితీ. హార్మోనియం వచ్చింది, తాళాలు వచ్చాయి, ఎన్నడూ లేని మైకు కూడా వచ్చింది. ఆయన కంజీర ఎవరో కుర్రవాడి చేతిలో ఉంది. కొడుకు నన్ను గుర్తుపట్టి తలూపాడు. పెద్దలు వినేలా, "బాపు ఆఖరికి దేవుని పేరు మీదనే పోయిండు" అన్నాడు. మాస్టారు రాలేదు. రాడని తెలుసు. అయినా సందు మొదట దాకా రెండుసార్లు చూశాను.

ఆయన ముఖం చూశాను. ఆ ముఖం ఆ రాత్రి నవ్విందా అని కోర్టులో ఎవరూ అడగలేదు. ఎవరికీ ఆ ప్రశ్న అక్కర్లేకపోయింది. నాకు ఏడుపు వచ్చింది. కోపమూ వచ్చింది. ఇవతలికి వచ్చి కళాయి సాబు గుమ్మం పక్కన నిలబడ్డాను. సాబు గోడకు ఆనుకుని కూర్చుని, నేల వైపు చూస్తున్నాడు.

అప్పుడు లోపల పసిపిల్ల ఏడ్చింది. సాబు మనవరాలు కాబోలు. మైకు మోతకు ఉలిక్కిపడి లేచినట్టుంది, గుక్కపట్టింది. నేను అరుగు వైపు చూశాను. పాట సాగుతూనే ఉంది. కాసేపు చూశాను. అంతమందిలో ఒకప్పుడు శనివారాల్లో ఆ చెయ్యి చూసి తాళం ఆపినవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరూ ఆపలేదు. సాబు లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే పైకి లేచింది.

తాళం వేస్తున్న ముసలాయన ఒకాయన నన్ను చూశాడు. నేను భక్తితో చెయ్యెత్తాననుకున్నాడేమో, మెచ్చుకోలుగా తలాడించి, ఇంకా గట్టిగా అందుకున్నాడు.